పండుగకు ముందే ఒక బొమ్మల పుస్తకం

మూడేళ్ల బిడ్డకు రంజాన్ అంటే ఏమిటి? తెల్లవారకముందే వంటింటిలో దీపం వెలుగుతుంది. పెద్దలు పగలంతా అన్నం ముట్టరు. సాయంత్రం కాగానే ఖర్జూరాల పళ్లెం చుట్టూ అందరూ మౌనంగా కూర్చుంటారు. ఒకనాడు ఉన్నట్టుండి ఇల్లంతా కొత్త బట్టలు తొడుక్కుని ఈద్గాహ్‌కు బయలుదేరుతుంది. ఇవన్నీ ఆ బిడ్డ కళ్ల ముందే జరుగుతాయి. కాని వీటిని ఒక దారంలో గుచ్చి చెప్పే మాట మాత్రం చాలా ఇళ్లలో ఆ బిడ్డకు అందదు. "నీకు పెద్దయ్యాక తెలుస్తుందిలే" అని ఊరుకుంటాము.

మాట అందనప్పుడు బిడ్డ తనకు అందినవాటితోనే పండుగను అల్లుకుంటుంది. కొత్త చొక్కా, ఈదీ డబ్బులు, సేమ్యా పాయసం. ఇవి సంతోషాలే, వీటిలో తప్పేమీ లేదు. అయితే పదేళ్లు వచ్చేసరికి పండుగ అంటే ఇవి మాత్రమేనన్న భావం మనసులో గట్టిపడితే, దానిని మార్చడానికి ఆ తరువాత ఎంత ఉపదేశించినా చాలదు. పునాది వేసే వయసు మూడు నుంచి ఐదేళ్లలోపే. ఆ వయసులో ఉపదేశం తలకెక్కదు, బొమ్మా కథా ఎక్కుతాయి.

అందుకే ఈ నెల మనం ఒక చిన్న పనిని గురించి ఆలోచిద్దాము. పండుగకు నెల రోజుల ముందే, ఆ పండుగను చూపించే ఒక బొమ్మల పుస్తకాన్ని బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని చదవడం, మళ్లీ మళ్లీ చదవడం. ఈ ఒక్క పనితో రెండు ప్రయోజనాలు నెరవేరుతాయి. పండుగ అర్థం బిడ్డకు తెలుస్తుంది. అక్షరం వైపు బిడ్డ మొదటి అడుగు పడుతుంది. ఈ రెండూ వేర్వేరు పనులు కావన్నదే మా మనవి.

ఉన్నితో చేసిన ఆటబొమ్మలు

చిన్నపిల్లలపై ఉపవాసం విధి కాదు. అయినా వారిని ఆ వాతావరణానికి దూరంగా ఉంచిన సమాజం కాదు మనది. దైవప్రవక్త (స) కాలపు మదీనా తల్లులు ఆషూరా ఉపవాసం నాడు ఏమి చేసేవారో హజ్రత్ రుబయ్యిఅ బిన్తె ముఅవ్విజ్ (రజి) వివరించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఆ వివరం ఉంది. వారు పిల్లల చేత కూడా ఉపవాసం పాటింపజేసేవారు. పిల్లల కోసం ఉన్నితో ఆటబొమ్మలు చేసి ఉంచేవారు. ఆకలితో ఏ బిడ్డ అయినా ఏడిస్తే, ఇఫ్తార్ వేళ వరకు ఆ బొమ్మతో మరిపించేవారు.

ఈ వృత్తాంతంలో తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ తల్లులు బిడ్డకు ఉపవాసపు నియమాలు వల్లె వేయించలేదు. బిడ్డ వయసుకు తగిన వస్తువును తమ చేతులతో తయారు చేసి, ఆరాధన జరిగే రోజుకు ముందే సిద్ధంగా ఉంచుకున్నారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పసిపిల్లలు పూటపాటు ఉండే ఉపవాసాన్ని ముద్దుగా "చిడియా రోజా" అంటారు. పిచ్చుక ఉపవాసమన్నమాట. ఆ ప్రేమ, ఆ ముందుచూపు కలిసినదే పసిపిల్లల ధర్మశిక్షణ. నేడు మన చేతిలో ఉన్న ఉన్నిబొమ్మ, బొమ్మల పుస్తకం.

బొమ్మలే ఎందుకు?

పండుగ ఏడాదికొకసారి వస్తుంది. ఈద్ ఒక్క రోజులో ముగుస్తుంది. రెండేళ్ల వయసులో చూసిన ఈద్ మూడేళ్ల బిడ్డకు జ్ఞాపకం ఉండదు. పైగా హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులే కనుక రంజాన్ ప్రతి ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఎండాకాలంలో వచ్చిన పండుగ కొన్నేళ్లకు చలికాలంలో వస్తుంది. సుమారు 33 ఏళ్లకు గాని అదే రుతువులోకి తిరిగి రాదు. 2030వ సంవత్సరంలోనైతే జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో మరొకసారి, రెండు రంజాన్లు ప్రారంభమవుతాయి. మామిడిపళ్లు వచ్చాయి కనుక, ముగ్గులు వేశారు కనుక ఫలానా పండుగ వస్తోందని గుర్తుపట్టే ఆనవాలు మన పిల్లలకు లేదు. వారికి ఉన్న ఆనవాలు ఆకాశంలోని చంద్రుడు. ఏడాదికొకసారి మెరిసి మాయమయ్యే పండుగను బిడ్డ కోరినప్పుడల్లా తిరిగి తెచ్చి చూపించేది పుస్తకం ఒక్కటే.

బొమ్మలతో బోధించడం కొత్త సంగతి కాదు. ఐరోపాలో పిల్లల కోసం అచ్చయిన తొలి బొమ్మల పాఠ్యపుస్తకంగా పేరొందినది చెక్ విద్యావేత్త కొమేనియస్ 1658లో ప్రచురించిన గ్రంథం. అంతకు శతాబ్దాల ముందే మన పంచతంత్రం ఆరవ శతాబ్దంలో పహ్లవీ భాషకు, ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా కలం ద్వారా అరబీ భాషకు చేరి "కలీలా వ దిమ్నా" అయింది. సింహం, ఎద్దు, నక్కల రంగురంగుల చిత్రాలతో దాని ప్రతులు అరబ్బు దేశాలలో ప్రచారం పొందాయి. ఆ కథలనే 1853లో చిన్నయసూరి "నీతిచంద్రిక"గా తెలుగు పిల్లలకు అందించారు. జంతువుల బొమ్మలతో నీతి చెప్పే ఈ ఆస్తిలో మనకు రెండు వైపుల నుంచీ వారసత్వం ఉంది.

చదవడం సగం, మాట్లాడుకోవడం సగం

పుస్తకం కొని బిడ్డ చేతికిచ్చి మన పని మనం చేసుకుంటే ప్రయోజనం స్వల్పం. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గబగబా చదివి మూసినా అంతే. 1988లో అమెరికాకు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం ఒక పరిశీలన ప్రచురించింది. రెండేళ్ల ప్రాయపు పిల్లల తల్లిదండ్రులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపువారు తమకు అలవాటైన తీరులోనే చదివి వినిపించారు. రెండో గుంపువారికి చదువుతూ ప్రశ్నించడం, బిడ్డ చెప్పిన మాటకు మరో మాట కలిపి తిరిగి చెప్పడం నేర్పారు. నెల రోజులకే రెండో గుంపు పిల్లలు మాట్లాడే నేర్పులో ముందున్నారు. ఇద్దరికీ పుస్తకం ఉంది. తేడా అంతా దాని మీద జరిగిన సంభాషణలోనే ఉంది.

ఆ సంభాషణ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాము. పేజీ మీద ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ బొమ్మ ఉంది.

"ఇదేమిటి తల్లీ?"

"కజ్జూరం."

"అవును, ఖర్జూరం. గోధుమరంగు ఖర్జూరం. దీన్ని ఎప్పుడు తింటారు?"

"అజాన్‌కి."

"అవును, మగ్రిబ్ అజాన్ వినగానే తింటారు. ఈ తాతయ్య ఇంకా ఎందుకు తినలేదు చెప్పు?"

ఇక్కడ తల్లి "తప్పు, కజ్జూరం కాదు" అనలేదు. సరైన మాటను తాను పలికి వినిపించింది. బిడ్డ చెప్పిన ఒక్క మాటను వాక్యంగా పెంచి తిరిగి ఇచ్చింది. చివరి ప్రశ్నకు "అవును", "కాదు" అన్న జవాబులు సరిపోవు. బిడ్డ ఆలోచించాలి. తాతయ్యకు ఆకలి లేకనా? ఉంది. మరెందుకు ఆగాడు? ఆ ప్రశ్న దగ్గరే నిగ్రహమనే మాటకు అర్థం మొలకెత్తుతుంది. నాలుగేళ్ల బిడ్డకు "తఖ్వా" పదాన్ని నిర్వచించి చెప్పలేము. ఆకలిగా ఉన్నా అజాన్ కోసం ఆగిన తాతయ్యను మాత్రం చూపించగలము.

ఫోనులోని కార్టూను ఈ పని చేయదు. బిడ్డ "ఎందుకు?" అని అడిగితే అది ఆగదు, జవాబు చెప్పదు. పుస్తకం బిడ్డ వేలు ఎక్కడ ఆగితే అక్కడే ఆగుతుంది.

రోజుకు పది నిమిషాలు చాలు. ఒకే పుస్తకాన్ని బిడ్డ ఇరవైసార్లు అడిగితే విసుగు పడరాదు. మొదటిసారి బొమ్మను చూస్తుంది, ఐదోసారి మాట పట్టుకుంటుంది, పదోసారి మనకంటే ముందే చెప్పేస్తుంది. మనకు పాతబడిన పుస్తకం బిడ్డకు అప్పుడే సొంతమవుతుంది.

పండుగ మాటల్లో అక్షరాలు

2024 "అసర్" నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాలలో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు సుమారు 27 శాతమే. ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు చదవలేకపోతున్నారు. దీనికి కారణాలు అనేకం. బడిలో చేరేనాటికి పుస్తకంతో పరిచయం లేకపోవడం వాటిలో ఒకటి. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా గుర్తించింది. ఆ దశ మొదలయ్యేది ఇంటిలోనే.

తెలుగు లిపి అక్షరాల కూర్పు. మనం మాటను ముందుగా అక్షరాలుగా వింటాము. కనుక పలక పట్టించడానికి ముందు చెవికి పని చెప్పాలి. పండుగ మాటలను చప్పట్లతో విడగొట్టండి. పం-డు-గ, మూడు చప్పట్లు. నె-ల-వం-క, నాలుగు. సే-మ్యా, రెండు. ఖ-ర్జూ-రం, మళ్లీ మూడు. మూడున్నరేళ్ల బిడ్డ దీన్ని ఆటగా ఆడుతుంది. ఒక మాటలో ఎన్ని ముక్కలున్నాయో చెవితో పట్టుకున్న బిడ్డకు ఆ ముక్కలకు గుర్తులున్నాయని చెబితే ఆశ్చర్యం కలగదు, ఆసక్తి కలుగుతుంది.

ఆ తరువాత గుర్తులు. పాఠ్యపుస్తకంలో "ఈ" అంటే ఈగ. మన బిడ్డకు "ఈ" అంటే ఈద్ కూడా. "ఖ" అంటే ఖర్జూరం, "న" అంటే నమాజు, "ట" అంటే టోపీ, "అ" అంటే అత్తరు, "ర" అంటే రంజాన్. ఎన్నడూ చూడని ఖడ్గంతో నేర్చిన "ఖ" కంటే, రోజూ సాయంత్రం నోట వేసుకునే ఖర్జూరంతో నేర్చిన "ఖ" త్వరగా నిలుస్తుంది. వర్ణమాల మొత్తం వరుసగా నేర్పాలన్న తొందర వద్దు. బిడ్డ పేరులోని మొదటి అక్షరం, పండుగ మాటల్లోని నాలుగైదు అక్షరాలు ఈ వయసుకు చాలు. మూడేళ్ల బిడ్డ వేళ్లు ఇంకా పట్టుకు అలవాటుపడలేదు. చేయి పట్టుకుని బలవంతంగా దిద్దించవద్దు. పళ్లెంలో పిండి పోసి వేలితో గీయించడం మేలు.

మన పిల్లల విషయంలో గమనించవలసిన మరో సంగతి ఉంది. న్యూజిలాండ్ విద్యావేత్త మేరీ క్లే పసిపిల్లల చేతికి పుస్తకమిచ్చి, అక్షరాలు అడగడానికి ముందు వేరే ప్రశ్నలు అడిగేవారు. దీని అట్ట ఏ వైపు ఉంది? ఎక్కడ చదవడం మొదలుపెట్టాలి? ఏ దిక్కుకు పోవాలి? ఇవి తెలియడమే చదువుకు తొలిమెట్టు అని ఆమె చూపారు. మన ఇళ్లలో బిడ్డ చేతికి రెండు విధాల పుస్తకాలు వస్తాయి. మక్తబ్‌లో ఖాయిదా కుడివైపు నుంచి తెరుచుకుంటుంది. తెలుగు వాచకం ఎడమవైపు నుంచి తెరుచుకుంటుంది. మనం చెప్పకపోతే ఇది బిడ్డకు తికమక అవుతుంది, చెబితే బలమవుతుంది. చదివేటప్పుడు వాక్యం కింద వేలు నడిపించండి. "తెలుగు ఇటు నుంచి అటు నడుస్తుంది, అరబీ అటు నుంచి ఇటు నడుస్తుంది" అని రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూపండి. రాత అన్నది ఒక ఏర్పాటని, ఒక్కో భాష ఒక్కో విధంగా నడుస్తుందని నాలుగేళ్లకే గ్రహించే అవకాశం మన పిల్లలకు దక్కింది.

ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు వినే పిల్లలు మనలో ఎందరో. తెలుగే ఇంటి భాష అయిన ముస్లిం కుటుంబాలూ ఎన్నో. బిడ్డకు బాగా తెలిసిన భాషలోనే మాట్లాడండి. పుస్తకం ఏ భాషలో ఉన్నా బొమ్మకు భాష లేదు.

మన పెద్దలు బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల వయసులో "బిస్మిల్లా ఖ్వానీ" జరిపేవారు. ఇది షరీఅత్ విధించిన నియమం కాదు, ఆచారం మాత్రమే. కాని ఆ వయసును ఎన్నుకోవడంలో అనుభవం ఉంది. ఆ రోజుకు ముందే ఏడాదిపాటు ఒడిలో పుస్తకం విన్న బిడ్డ, ఆనాడు అక్షరం ముందు కొత్తదానిలా కూర్చోదు.

ఎలాంటి పుస్తకాన్ని ఎన్నుకోవాలి?

పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, స్పష్టమైన బొమ్మ. ఇవి మూడూ ఉండాలి. కథలో ఒక బిడ్డ ఉండి, ఆ బిడ్డ ఏదో ఒకటి చేయాలి. నియమాల జాబితా కథ కాదు.

తెలుగులో పసిపిల్లల బొమ్మల పుస్తకాలు లేవన్న మాట నిజం కాదు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలికా సంస్థలు తెలుగులో వాటిని తక్కువ ధరకు ప్రచురిస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన "స్టోరీవీవర్" వేదికలో తెలుగు కథలు ఉచితంగా లభిస్తాయి, అచ్చు వేసుకోవచ్చు. ఒకటో స్థాయి కథలు ఈ వయసుకు తగినవి. అయితే రంజాన్, బక్రీద్‌లను చూపించే తెలుగు పుస్తకాలు అరుదు. ఇంగ్లీషులో హేనా ఖాన్ రాసిన రెండు పుస్తకాలను ఇక్కడ చెప్పవచ్చు. 2008లో వెలువడిన "నైట్ ఆఫ్ ద మూన్" రంజాన్ నెలను ఒక చిన్నారి కళ్లతో చూపుతుంది. 2012లో వచ్చిన "గోల్డెన్ డోమ్స్ అండ్ సిల్వర్ లాంటర్న్స్" ఇస్లామీయ జీవితంలోని వస్తువుల ద్వారా రంగులు నేర్పుతుంది. ఇంగ్లీషు వాక్యాలను పక్కనపెట్టి, బొమ్మలు చూపుతూ మన మాటల్లో చెప్పుకోవచ్చు. ఐదేళ్లు నిండిన పిల్లలకు ప్రేమ్‌చంద్ 1933లో రాసిన "ఈద్గాహ్" కథను నోటితో చెప్పండి. ఈద్ సంతలో మిఠాయి, బొమ్మలు వదిలి, రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ చేతులు కాలకుండా పట్టుకారు కొనితెచ్చిన హామిద్ కథ అది. పండుగంటే ఇతరుల సుఖం తలచుకోవడమని అంతకంటే సులువుగా చెప్పడం కష్టం.

ప్రాణుల చిత్రాల విషయంలో కొందరు తల్లిదండ్రులకు సంకోచం ఉంటుంది. ఈ విషయమై ధర్మపండితులలో అభిప్రాయభేదాలున్నాయి. హజ్రత్ ఆయిషా (రజి) చిన్ననాట బొమ్మలతో ఆడుకునేవారన్న వృత్తాంతం హదీసులలో ఉంది. పిల్లల విద్య కోసం వెసులుబాటు ఉందని అనేకులు దీని ఆధారంగా చెప్పారు. సంకోచమున్నవారు చంద్రుడు, మసీదు, పళ్లెం, దీపం, చెట్ల బొమ్మలతోనే చక్కని పుస్తకాన్ని ఎన్నుకోవచ్చు. ప్రవక్తల రూపాలను చిత్రించిన పుస్తకాలను మాత్రం ఇంటికి తేకుండా ఉండడమే తగినది.

ఇంటిలో తయారయ్యే నెలవంక పుస్తకం

కొనడానికి పుస్తకం దొరకనివారు చింతించనక్కరలేదు. మూడు తెల్లకాగితాలు మధ్యకు మడిస్తే పన్నెండు పేజీలు. పాత శుభలేఖ అట్టను పైన పెట్టి సూదీదారంతో మధ్యలో కుట్టండి. మొదటి పేజీలో పుస్తకం పేరు, చివరి పేజీలో బిడ్డ పేరు. నడుమ ఈ వాక్యాలు రాయవచ్చు.

ఆకాశంలో నెలవంక. మన ఇంటిలో రంజాన్.
చీకటిలో దీపం. మన ఇంటిలో సహ్రీ.
మసీదులో అజాన్. మన ఇంటిలో నమాజు.
పళ్లెంలో ఖర్జూరం. మన ఇంటిలో ఇఫ్తార్.
ఆకాశంలో నిండు చంద్రుడు. మన ఇంటిలో ఖుర్ఆన్ పారాయణం.
సంచిలో బియ్యం. పేదవాని ఇంటిలో పండుగ.
ఆకాశంలో మళ్లీ నెలవంక. మన ఇంటిలో ఈద్.

మిగిలిన మూడు పేజీలు బిడ్డవి. నానమ్మ వండే షీర్‌ఖుర్మా కావచ్చు, అబ్బా కట్టిన కాగితపు దీపం కావచ్చు. బిడ్డ చెప్పినది బిడ్డ మాటల్లోనే రాయండి. తాను పలికిన మాట కాగితం మీద నిలవడం, మరుసటి రోజు అమ్మ దానిని తిరిగి చదవడం బిడ్డకు ఒక అద్భుతం. రాత ఎందుకో ఆ క్షణాన తెలుస్తుంది.

"ఇంటిలో" అన్న మాట ప్రతి పేజీలో తిరిగి వస్తుంది. "ఇంట్లో" అని రాస్తే ఒత్తు అడ్డం వస్తుంది కనుక "ఇంటిలో" అనే రాయండి. వారం తిరిగేసరికి ఆ మాట దగ్గర వేలు పెట్టి మీరు ఆగితే బిడ్డే పలుకుతుంది. అదే ఆ బిడ్డ చదివిన మొదటి మాట కావచ్చు.

పుస్తకాన్ని ఆకాశంతో పోల్చి చూపండి. తొలిరోజు నెలవంక సూర్యాస్తమయం తరువాత పడమట కనిపిస్తుంది. పద్నాలుగు, పదిహేను రాత్రులకు నిండు చంద్రుడు సాయంత్రమే తూర్పున ఉదయిస్తాడు. ఇరవై ఐదు, ఇరవై ఆరు తేదీల్లో సహ్రీకి లేచిన బిడ్డకు తూర్పు వైపు చూపండి. చిక్కిపోయిన చంద్రవంక అక్కడ ఉంటుంది. మన తెలుగులో "నెల" అంటే మాసం, "నెల" అంటే చంద్రుడు కూడా. వెన్నెల, నెలవంక అన్న మాటలు దానికి సాక్ష్యం. నెల పుట్టుకతోనే నెల ప్రారంభమవుతుందని మన భాష ముందే చెప్పి పెట్టింది. హిజ్రీ పంచాంగం మొత్తం ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంది.

ఫిత్రా పేజీ వద్ద కొంచెం ఎక్కువసేపు ఆగండి. ఈద్ నమాజుకు ముందే ఫిత్రా చెల్లించాలి. బియ్యమో గోధుమలో తూచేటప్పుడు బిడ్డ చేత ఒక దోసెడు పోయించండి. "ఇది ఎవరికి?" అని అడగండి. పుస్తకంలోని సంచి, చేతిలోని సంచి ఒకటేనని తెలిసిన బిడ్డ, దానమన్న మాటను నిఘంటువులో వెతుక్కోదు.

మేక ఎక్కడికి వెళ్లింది?

బక్రీద్ విషయంలో తల్లిదండ్రులకు ఒక కష్టం ఎదురవుతుంది. పండుగకు ముందు ఇంటికి వచ్చిన మేకకు బిడ్డ ఆకులు తినిపిస్తుంది, పేరు పెడుతుంది. తరువాత "మేక ఏది?" అని అడుగుతుంది. "ఊరికి వెళ్లింది" అని చెప్పేవారున్నారు. ఆ అబద్ధం రెండు రోజులకే బయటపడుతుంది. పండుగనాడే పెద్దల మాట మీద నమ్మకం సడలుతుంది.

ఇక్కడ కూడా ముందుగా చదివిన పుస్తకమే ఆదుకుంటుంది. ఖుర్బానీ దృశ్యాన్ని ఈ వయసు పిల్లలకు బొమ్మలో గాని, ఎదురుగా గాని చూపనక్కరలేదు. కాబా, హాజీల తెల్లని వస్త్రాలు, మినాలోని గుడారాలు, ఇంటి ముందు మేక, మూడు పళ్లాలు. ఈ క్రమంలో బొమ్మలుంటే చాలు. మాంసాన్ని ఇంటికి, బంధుమిత్రులకు, పేదలకు మూడు భాగాలు చేసే ఆనవాయితీని ఆ మూడు పళ్లాలే చెబుతాయి. బిడ్డ అడిగితే నిజమే చెప్పండి. "ఇది అల్లాహ్ మనకిచ్చిన మేక. ఆయన పేరిట దాన్ని అర్పించాము. దాని ఆహారం ముగ్గురి ఇళ్లకు వెళ్లింది." బిడ్డకు దుఃఖం కలిగితే కలగనివ్వండి, దగ్గరకు తీసుకోండి. ప్రియమైనదాన్ని ఇవ్వడమే హజ్రత్ ఇబ్రాహీం (అలై) చరిత్రలోని సారం. మేకను ప్రేమించిన బిడ్డ ఆ సారానికి దూరంగా లేదు. ఆ దుఃఖాన్ని వెక్కిరించడం, "ఏడవకూడదు" అని గద్దించడం మాత్రం తగదు.

పొరుగింటి పండుగ

బడిలో సంక్రాంతికి ముగ్గులు వేస్తారు, క్రిస్మస్‌కు నక్షత్రం కడతారు. "మనం ఎందుకు కట్టము?" అని బిడ్డ అడుగుతుంది. అమెరికా విద్యావేత్త రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో పిల్లల పుస్తకాలను అద్దాలతోనూ కిటికీలతోనూ పోల్చారు. తన జీవితాన్ని చూసుకునే పుస్తకం అద్దం. ఇతరుల జీవితాన్ని చూపే పుస్తకం కిటికీ. పిల్లలకు రెండూ కావాలి. అద్దం దొరకని బిడ్డ తన పండుగను చెప్పుకోవడానికి సిగ్గుపడుతుంది. కిటికీ లేని బిడ్డ పొరుగువారిని అనుమానంతో చూస్తుంది.

కనుక పొరుగువారి పండుగల పుస్తకాలను కూడా చూడనివ్వండి. "ఇది మన స్నేహితుల పండుగ, వారు ఇలా జరుపుకుంటారు. మన పండుగ ఈద్, మనం ఇలా జరుపుకుంటాము" అని ప్రశాంతంగా చెప్పండి. తెలుసుకోవడం వేరు, ఆచరించడం వేరు. ఆ తేడా నాలుగేళ్ల బిడ్డకు అర్థమవుతుంది, మన గొంతులో భయం గాని ఎగతాళి గాని లేనప్పుడు. ఇరుగుపొరుగు హక్కులను అంతగా నొక్కి చెప్పిన ధర్మం మనది. మీరు కుట్టిన నెలవంక పుస్తకాన్ని బిడ్డ చేత బడికి పంపండి. ఆ తరగతిలోని ఇతర పిల్లలకు అది ఒక కిటికీ అవుతుంది. ఉపాధ్యాయురాలు దానిని ఒక్కసారి చదివి వినిపిస్తే, మన బిడ్డ ఇంటి మాటకు అందరి ఎదుట గౌరవం దక్కుతుంది.

దివ్యవాణి అవతరణ చదవమన్న ఆదేశంతోనే ప్రారంభమైంది. ఆ ఆదేశం అవతరించిన నెలకు మన ఇంటిలోని అతి చిన్న వ్యక్తిని సిద్ధం చేయడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. మూడు కాగితాలు, ఒక దారం, రోజుకు పది నిమిషాలు. షాబాన్ నెల మొదలు కాగానే ఆ కాగితాలు మడవండి. మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, ఆ జ్ఞానాన్ని ఓర్పుతో అందించే శక్తిని మనకు అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.